బైబిలు ఉన్నత విద్య: ముందు అడగవలసిన ప్రశ్న

సంపాదకునికి,

బైబిలు అధ్యయనంలో ఉన్నత విద్యకు పూనుకొనే తెలుగు విద్యార్థులు చాలామంది కళాశాల పేరును, అది ఉన్న దేశాన్ని, చేతికి వచ్చే పట్టాను చూసి నిర్ణయానికి వస్తున్నారు. అక్కడ హీబ్రూ, గ్రీకు భాషలను ఏ స్థాయి వరకు నేర్పుతారన్న ప్రశ్న మాత్రం సీటు దొరికిన తర్వాత గాని వారికి తట్టడం లేదు. ఈ వరుస తలకిందులైనది.

పాత నిబంధనలో అధిక భాగం హీబ్రూలోను, దానియేలు గ్రంథంలో రెండవ అధ్యాయం నాలుగవ వచనం నడుమ నుంచి ఏడవ అధ్యాయం చివరి దాకా గల భాగం, ఎజ్రా గ్రంథంలో కొంత అరామిక్‌లోను, క్రొత్త నిబంధన గ్రీకులోను ఉన్న సంగతి వేదాంత విద్యార్థులకు కొత్త కాదు. ఆ భాషలు రానివారికి ఏమి అందకుండా పోతుందో గొల్యాతు ఎత్తును చూస్తే తెలుస్తుంది. వాడుకలో ఉన్న హీబ్రూ పాఠంలో అది ఆరు మూరల జేనెడు కాగా, క్రీస్తుకు పూర్వం యూదులు తమ గ్రంథాలకు చేసుకొన్న గ్రీకు అనువాదమైన సెప్టువజింటు ప్రాచీన ప్రతులలోను, మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహలలో దొరికిన ఒక సమూయేలు గ్రంథపు చుట్టలోను నాలుగు మూరల జేనెడే ఉంది. యిర్మీయా గ్రంథం విషయం ఇంకా పెద్దది. దాని గ్రీకు పాఠం హీబ్రూ పాఠం కంటే దాదాపు ఎనిమిదవ వంతు చిన్నది, పైగా ఆ పొట్టి పాఠాన్ని పోలిన హీబ్రూ తునకలు కూడా కుమ్రానులో బయటపడ్డాయి. ఇటువంటి చోట్ల ప్రతులను పోల్చి, ఏ పాఠం ముందుదో, మార్పు ఎందుకు వచ్చిందో విచారించే శాస్త్రాన్ని పాఠవిమర్శ అంటారు. అనువాదాలతోనే సరిపెట్టుకొన్న విద్యార్థి ఇతరుల తీర్పును వల్లించగలడే గాని దానిని పరీక్షించలేడు.

మన దేశం సంగతికి వస్తే, 1818లో స్థాపితమై, 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ నుంచి పట్టాలిచ్చే అధికారం పొందిన సెరాంపూర్ కళాశాల పరంపరలోనే వేదాంత పట్టాలిచ్చే నేటి సెరాంపూర్ సెనేట్ నడుస్తున్నది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటివి దానికి అనుబంధ సంస్థలు. ఈ మార్గంలో తొలి వేదాంత పట్టా బి.డి. ముగించి, పై పట్టా ఎం.టిహెచ్.లో పాత నిబంధననో క్రొత్త నిబంధననో ఎంచుకొనేవారు పట్టా గుర్తింపును గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు గాని, ఆ శాఖలో గైడుగా ఉండేది ఎవరో, ఆయన ఏ గ్రంథంపై పనిచేశారో ముందే తెలుసుకోవాలి.

విదేశాల మాట వేరు. అమెరికాలో ఎం.డివ్. అనేది ప్రధానంగా సంఘ కాపరులను తయారుచేసే పట్టా. పరిశోధన వైపు మొగ్గేవారికి బైబిలు శాఖలో ఎం.ఏ. దగ్గరి దారి, అయితే పిహెచ్.డి.కి దొరికినంత సులభంగా దానికి పూర్తి ఉపకార వేతనం దొరకదు. అక్కడి పిహెచ్.డి.లో తొలి సంవత్సరాలు తరగతులు, పరీక్షలు ఉంటాయి. బ్రిటన్‌లో సాధారణంగా నేరుగా సిద్ధాంత గ్రంథ రచనలోకి దిగవలసి ఉంటుంది కనుక, భాషలు ముందే చేతిలో లేనివారికి అక్కడి మూడు నాలుగు ఏళ్లు చాలవు. హీబ్రూ, గ్రీకులకు తోడు, పరిశోధన గ్రంథాలు చదవడానికి జర్మన్, ఫ్రెంచి కూడా కావాలి.

కాపరి పనికి ఇంత భాషాశ్రమ ఎందుకన్న ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. సంఘ పరిచర్యే ధ్యేయమైనవారికి మంచి బి.డి. చాలు. పేరుకు ముందు ‘డాక్టర్’ చేర్చుకోవడానికే బయలుదేరేవారికి ఈ చర్చతో పనిలేదు, పరీక్ష లేకుండానే ఆ బిరుదునిచ్చే సంస్థలకు కొదువ లేదు. కాని రేపు తరగతి గదిలో నిలబడి బైబిలు బోధించదలచినవారు, దరఖాస్తు రుసుము కట్టకముందే ఆ కళాశాల గత సంవత్సరపు హీబ్రూ, గ్రీకు ప్రశ్నపత్రాలను అడిగి తెప్పించుకోవాలి. అడిగినవారికి వాటిని చూపించడం కళాశాలల బాధ్యత.

ఇట్లు,
ఒక పాఠకుడు