ఇసిలకు వచ్చిన ఉత్తరం

పట్టుచీరల కోసం పావగడ నుంచి మొళకాల్మూరు వెళ్లేవాళ్లు చాలామందే. అదే తాలూకాలో, బ్రహ్మగిరి కొండ దగ్గర, అశోకుడి కాలపు ఇసిల పట్టణం ఉండేదని వాళ్లలో ఎందరికి తెలుసు? మనవాళ్లు బుద్ధగయకు రైలెక్కుతారు, అమరావతికి బస్సు మాట్లాడుకుంటారు. వెళ్లాల్సిందే. అయితే ముందు ఇసిల చూడమంటాను.

అక్కడ పెద్ద స్తూపం కోసం వెతకొద్దు. దండం పెట్టాల్సింది ఒక బండకు. ఊరివాళ్లు అక్షరాల గుండు అని పిలుచుకునే ఆ రాతిమీద ఉన్నది అశోకుడి శాసనమని 1892లో శాసన పరిశోధకుడు బి.ఎల్. రైస్ లోకానికి చెప్పాడు. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఆ నేల తవ్విస్తే మౌర్యుల కంటే ఎంతో ముందునాటి రాతిగొడ్డళ్లు బయటపడ్డాయి.

సువర్ణగిరి నుంచి రాజకుమారుడు, మహామాత్రులు అనే పెద్ద అధికారులు కలిసి ఇసిల మహామాత్రుల క్షేమం అడిగి పంపిన ఉత్తరం ఆ శాసనం. సువర్ణగిరి అంటే కర్నూలు జిల్లా జొన్నగిరి అని కొందరు చరిత్రకారులు, కొప్పళ వైపు కనకగిరి అని కొందరు. ఇప్పటి హద్దులు అప్పుడెక్కడివి!

వాళ్ల ఉత్తరం అందించిన మాటల్లో చక్రవర్తి అశోకుడు తన సంగతే చెప్పుకున్నాడు. ఉపాసకుడినయ్యాక ఏడాదిపాటు గట్టిగా పూనుకోలేదనీ, బౌద్ధ సంఘానికి దగ్గరయ్యాకే శ్రద్ధ కుదిరిందనీ. అంతటి రాజు తన లోటును రాతిమీద చెక్కించి ఊరూరా పెట్టించాడు. నాకు అంతకంటే పవిత్రమైన స్మారకం ఇంకొకటి కనబడదు. ఆ పూనిక పెద్దవాళ్లకే కాదు, చిన్నవాళ్లకూ స్వర్గమిస్తుందని ధైర్యం చెప్పాడు. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణులపట్ల దయ, సత్యం, గురువుపట్ల గౌరవం ఆ తర్వాత వస్తాయి. చివర చపడ అనే లేఖకుడు తన వృత్తి పేరును వాయవ్య దేశపు ఖరోష్ఠి లిపిలో చెక్కుకున్నాడు.

పక్కనే జటింగ రామేశ్వరం కొండమీద ఇంకో ప్రతి ఉంది. జాతరకు గాజులమ్మేవాళ్లు అక్కడ అంగళ్లు వేసేవారు కాబట్టి ఆ బండను గాజులవాళ్ల గుండు అన్నారు. అక్కడి అక్షరాలు బాగా అరిగిపోయాయి.

చెక్కించి ఊరుకోలేదు అశోకుడు. ఈ మాటల్ని పల్లెల్లో భేరి మోగించి చెప్పించమన్న ఆజ్ఞ కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది. అంటే ఇది చెవులతో వినాల్సిన శాసనం. పావగడ బడుల అయ్యవార్లు ఈ ఏడు పిల్లల్ని టూరుకు తీసుకెళ్లేటప్పుడు బ్రహ్మగిరిలో ఒక పూట ఆగి, ఆ ఉత్తరంలోని సంగతుల్ని కన్నడంలోనూ, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనూ గట్టిగా చదివి వినిపించాలని కోరుతున్నాను.