బజరు నొక్కినవాడే వైద్యుడా?

మన వైద్య కళాశాలల ఉత్సవాలలో క్విజ్ పోటీలకు కొదవ లేదు. తెరపై ఒక అరుదైన వ్యాధి చిత్రం కనబడుతుంది. అందరికంటే ముందు బజరు నొక్కి, ఏ జర్మన్ వైద్యుని పేరో చెప్పినవానికి బహుమతి. ఆ వ్యాధిగ్రస్తుణ్ణి అతడు జీవితకాలంలో ఒక్కసారి చూస్తే గొప్ప. విరేచనాలతో కొంత నీరసించిన పసిబిడ్డకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్‌ను 4 గంటలలో ఎలా తాగించాలో, బిడ్డ కక్కుకుంటే ఏమి చేయాలో ఆ వేదికపై అడిగేవారు అరుదు.

అలాగని పోటీలే వద్దనేవారితో నేను ఏకీభవించను. చదివినదే మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకున్న విషయం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇరవై యేళ్ల ప్రాయంలో పందెమంటే ఉత్సాహం. తప్పు పోటీది కాదు, మనం ఎన్నుకున్న పందెానిది.

అసలే నీట్ పీజీ అనే మహా పందెం నెత్తిన ఉన్నది. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం పైచిలుకు. రోగి చెంత చేయి తిరగవలసిన హౌస్ సర్జన్ సంవత్సరాన్ని ఆ ప్రశ్నల పుస్తకాలు మింగుతున్నాయి. కళాశాల కూడా అదే పందేన్ని మరొకసారి నడిపితే విద్యార్థికి ఒరిగేదేమిటి?

1975లో రొనాల్డ్ హార్డెన్ బృందం స్కాట్లండులో ఒక పరీక్షా విధానాన్ని ప్రకటించింది. గంట మోగినప్పుడల్లా విద్యార్థి ఒక బల్ల నుండి మరొక బల్లకు కదులుతాడు. ప్రతి బల్ల వద్ద ఒక పని చేసి చూపాలి. దానినే పోటీగా మలచండి. ఒకచోట బొమ్మ ఛాతీని నిమిషానికి 100 నుండి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. మరొకచోట ఇన్సులిన్ అంటే భయపడే అవ్వకు ఆమె మాటలలోనే నచ్చజెప్పాలి. అక్కడ న్యాయనిర్ణేత ప్రొఫెసర్ కాదు, అనుభవమున్న స్టాఫ్ నర్సు కావాలి. (సూది గుచ్చడం నాకు నేర్పినది అటువంటి నర్సమ్మే.) జట్టులో అందరికంటే వెనుకబడినవాని మార్కులనే జట్టు మార్కులుగా లెక్కించాలి. అప్పుడు చూడండి, తెలివైనవాడు తన పక్కవానికి రాత్రంతా కూర్చుని నేర్పుతాడు. రేపు మీకు వైద్యం చేసేది ఆ పక్కవాడే కావచ్చు.

ఖర్చని సాకు చెప్పనక్కరలేదు. కళాశాలలో నైపుణ్య శిక్షణశాల ఉండాలన్నది ఇప్పటికే నిబంధన. దాని తాళం నెలకు ఎన్నిసార్లు తెరుస్తున్నారని మీ ఊరి కళాశాలలో విచారించండి. మీ బంధువులలో వైద్య విద్యార్థి ఉంటే బీపీ చూడమని చేయి చాచండి. పట్టీ చుట్టే ముందు మిమ్మల్ని 5 నిమిషాలు మౌనంగా, పాదాలు నేలకు ఆన్చి కూర్చోమన్నాడా లేదా, గమనించండి.