రంపపు ఈగను గుర్తించడంలో తోడ్పాటుకు కొల్లేటి రైతులకు విజ్ఞప్తి

కొల్లేటికోట పరిసరాల్లో పెరటి మళ్ళలోనూ చెరువు గట్ల మీదా శీతకాలపు ఆవ, ముల్లంగి, క్యాబేజీ వేసేవారు, ఆకులకు చిల్లులు పెట్టే నల్లని పురుగు కంటబడగానే మందు కొట్టక, ముందుగా దాని కాళ్ళు లెక్కపెట్టవలసిందిగా కోరడమైనది. సీతాకోకచిలుకల, రెక్కపురుగుల పిల్లలైన గొంగళిపురుగులకు పొట్ట కింది మెత్తని బొడిపె కాళ్ళు ఐదు జతలకు మించవు. ఆవను తినే రంపపు ఈగ పిల్లపురుగుకు అవి ఎనిమిది జతలుంటాయి. నలుపు కలిసిన ఆకుపచ్చని ముడతల ఒళ్ళు, వీపున ఐదు చారలు, ముట్టుకోగానే చుట్టుకొని నేలరాలి చచ్చినట్టు పడి ఉండడం దీని ఇతర ఆనవాళ్ళు.

పేరుకు ఈగే అయినా ఇది తేనెటీగల, కందిరీగల, చీమల వర్గానికి చెందినది. కందిరీగకున్న సన్నని నడుము మాత్రం దీనికి ఉండదు. తల్లి ఈగ రంపపు పళ్ళవంటి అవయవంతో ఆకు అంచును కోసి అందులో గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగులను చంపే బి.టి. పొడి దీనిపై పనిచేయదు కనుక, పోలిక చూసి మోసపోయినవారు డబ్బు పోగొట్టుకొని ఘాటైన మందుకు దిగుతారు. ఆ మందు వాననీటితో చేరేది 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సులోకే.

జాతిని తేల్చడానికి పిల్లపురుగు ఒక్కటే సాధారణంగా చాలదు, రెక్కలొచ్చిన ఈగ కావాలి. అది తిన్న మొక్క పేరూ అంతే అవసరం. విల్లో చెట్లను తినే నెమాటస్ ఒలిగోస్పైలస్ అనే రంపపు ఈగ 1997లో న్యూజిలాండ్‌లో బయటపడి, ఏటి గట్లు కోసుకుపోకుండా నాటిన చెట్ల ఆకులను తినివేసింది. ఆ చెట్ల కుటుంబానిదే మన వాగుల ఒడ్డున పెరిగే ఏటిపాల. దానిపై ఇటువంటి పురుగు కనిపించినా వదలకూడదు.

నాలుగైదు పురుగులను అదే మొక్క ఆకులతో, అడుగున రెండంగుళాల తడిమట్టి పోసిన సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, రోజూ ఆకు మార్చాలి. పురుగు మట్టిలోనే గూడు కట్టుకొని, ఈగగా బయటికి వస్తుంది. మొక్క, ఊరు, తేదీ రాసిన చీటీతో ఆ ఈగను తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రజ్ఞులకు చూపవలసిందిగా మనవి.