సీటు వచ్చింది సరే, జావా ల్యాబులో చోటేది?

రెండో ఏడాది బీటెక్ చదివే ఒక అమ్మాయి ల్యాబ్ రికార్డు ఈ మధ్య మా చేతికొచ్చింది. ముత్యాల్లాంటి రాత. ఇరవైకి పైగా జావా ప్రోగ్రాములు, ప్రతి దాని కింద అవుట్‌పుట్, ప్రతి పేజీలో మేడమ్ సంతకం. ‘ఇందులో నువ్వు స్వయంగా రన్ చేసినవి ఎన్నమ్మా?’ అని అడిగాం. కాసేపు తల దించుకుని ‘ఒక్కటీ లేదన్నా’ అంది. ల్యాబులో ఒక కంప్యూటర్‌కి ముగ్గురు. కీబోర్డు ముందు కూర్చునేది ఎప్పుడూ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లే. మిగిలిన ఇద్దరూ వెనక నిలబడి చూడాలి. రికార్డు మాత్రం సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించేయాలి.

మేం కొందరం సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఆదివారాలు ఇలాంటి పిల్లలతో కూర్చుంటాం. వాళ్లు ఎక్కువగా తీసుకొచ్చేది ఒకటే పేపర్: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్. అది చూడటానికి నలభై పేపర్లలో ఒక పేపర్. నిజానికి కంప్యూటర్ సైన్స్‌లో మన పిల్లలకు అసలు గేటు అక్కడే ఉంది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణను అమల్లోకి తెచ్చాయి. ఎవరి వాటా ఎంత, ఎవరికి ఎన్ని సీట్లు అన్న చర్చ ఊరూరా జరిగింది. జరగాల్సిందే. అయితే ఆ సీట్లో కూర్చున్న తర్వాత పిల్లకు ఏమవుతుందన్న చర్చ మాత్రం మనలోనూ జరగడం లేదు. మాలా మాదిగా తేడా లేకుండా, ఉపకులాల పిల్లలతో సహా అందరూ ఆగిపోతున్నది ఆ చోటే.

మొదటి లైను దగ్గరే

జావా నేర్చుకునేవాళ్లు మొదటి రోజు రాసేది తెర మీద ఒక మాట కనిపించే ప్రోగ్రాము. ఆ ఒక్క మాట కోసం ముందు ఒక క్లాసు రాయాలి. లోపల ‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్’ అని రాయాలి. పబ్లిక్ అంటే ఏమిటి, స్టాటిక్ అంటే ఏమిటి అని అడిగితే సార్లు చెప్పే జవాబు దాదాపు అన్ని కాలేజీల్లో ఒకటే: ‘అవన్నీ తర్వాత తెలుస్తాయి, ఇప్పటికి బట్టీ పట్టండి.’

ఇంట్లో అన్నో అక్కో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లాడు సాయంత్రం ఫోన్ చేసి అడిగి తెలుసుకుంటాడు. అడగడానికి ఎవరూ లేని పిల్ల బట్టీ పడుతుంది. చదువంటే ఇదేనేమో అనుకుంటుంది. మూడు నెలలు గడిచేసరికి అర్థం కావడం లేదన్న సంగతి నాకు రాదులే అన్న నమ్మకంగా మారిపోతుంది. మేం ఎక్కువగా పోరాడాల్సి వస్తున్నది సిలబస్‌తో కాదు, ఆ నమ్మకంతో.

ఈ మొదటి మెట్టు అనవసరంగా ఎత్తుగా ఉందని జావాను నడిపేవాళ్లే ఒప్పుకున్నారు. 1995లో వచ్చిన ఆ భాషలో, ముప్పై ఏళ్ల తర్వాత 2025 సెప్టెంబరులో విడుదలైన జావా 25తో ఆ తంతును తగ్గించారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇప్పుడు క్లాసు, పబ్లిక్, స్టాటిక్ ఏమీ రాయకుండానే చిన్న ప్రోగ్రాము రాసి నడపొచ్చు. కష్టం పిల్లల బుర్రలో లేదు, మెట్టు కట్టిన తీరులో ఉందని దీని అర్థం. ఆ సంగతి మన కాలేజీ ల్యాబులకు చేరేదెప్పుడో!

సిలబస్‌లో రాయని సరంజామా

సిలబస్ కాగితం మీద క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం అని ఉంటాయి. అందులో రాయని షరతులు మూడున్నాయి. ఒకటి సొంత ల్యాప్‌టాప్. రెండు, తప్పు వచ్చినప్పుడు తెర మీద ఎర్రగా కనబడే ఇంగ్లీషు వాక్యాన్ని భయపడకుండా చదవగలగడం. మూడు, అర్ధరాత్రి సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి.

ప్రోగ్రామింగ్ ఈత లాంటిది. గట్టు మీద నిలబడి చూస్తే రాదు. తప్పు రాసి, తప్పు చూసి, సరిచేసుకుని మళ్లీ రాయాలి. ఒక ప్రోగ్రాము పది సార్లు పగిలితేనే పదకొండోసారి మన చేతికొస్తుంది. వారానికి ఒక ల్యాబ్, అందులో ముగ్గురికి ఒక కంప్యూటర్ అయితే తప్పు చేసే అవకాశం కూడా ఉన్నవాడికే దక్కుతుంది. కొందరు ఫోన్‌లోనే కోడ్ రాస్తున్నారు. అరచేతిలో అంత చిన్న తెర మీద బ్రాకెట్లు వెతుక్కుంటూ నేర్చుకున్న పిల్లల పట్టుదల చూసి మేమే సిగ్గుపడిన రోజులున్నాయి. కానీ పట్టుదలను పొగిడి ల్యాప్‌టాప్ ఎగ్గొట్టడం న్యాయం కాదు.

భాష సంగతి వేరే చెప్పాలి. ఏఐసీటీఈ 2021-22 నుంచి మాతృభాషల్లో ఇంజినీరింగ్ చెప్పడానికి అనుమతించింది. తెలుగులో మొత్తం డిగ్రీ చదివితే రేపు ఉద్యోగం ఎవరిస్తారన్న మన తల్లిదండ్రుల భయం నిజమైనదే. మేం దాన్ని కొట్టిపారేయం. ఇంగ్లీషు మన పిల్లలకు హక్కుగా అందాలి. కానీ ఇంగ్లీషులో పరీక్ష రాయడం వేరు, విషయాన్ని తెలుగులో అర్థం చేసుకోవడం వేరు. ‘క్లాసు అంటే స్కాలర్‌షిప్ ఖాళీ దరఖాస్తు ఫారం లాంటిది. ఆబ్జెక్టు అంటే నువ్వు నింపి ఇచ్చిన ఫారం. ఫారం ఒకటే, నింపినవి వేలు’ అని చెబితే ఆ అమ్మాయి మొహం వెలిగింది. అదే మాట ఇంగ్లీషు నిర్వచనంలో ఏడాదిగా ఆమె నోటికి వచ్చు.

ర్యాంకు అడిగేది ఎందుకు?

కొత్త కాలేజీలో మొదటి వారం వినపడే ప్రశ్న ‘నీ ర్యాంకెంత?’ అడిగేది ర్యాంకు, తెలుసుకునేది కులం. 2023 జులైలో ఐఐటీ బొంబాయి తన విద్యార్థులకు ఇచ్చిన సూచనల్లో తోటివారి జేఈఈ ర్యాంకు, గేట్ స్కోరు అడగొద్దని రాయాల్సి వచ్చిందంటే ఆ ప్రశ్న ఎంత అమాయకమైనదో తెలుస్తూనే ఉంది. మన ఈఏపీసెట్ కాలేజీల్లో అంతమాత్రం సూచన కూడా ఎక్కడా కనబడదు.

తరగతిలో ర్యాంకు ఎంతో తెలిసిపోయాక ల్యాబులో కీబోర్డు ఎవరి ముందుకు వస్తుందో, ప్రాజెక్టు బ్యాచ్‌లో ఎవరు ఎవరిని కలుపుకుంటారో వేరే చెప్పాలా? ల్యాబ్ పరీక్షలో వైవా ఉంటుంది. అక్కడ అడిగే ప్రశ్నలకు రాతపూర్వక లెక్క ఉండదు. ఒకరిని ‘కన్‌స్ట్రక్టర్ అంటే ఏంటి?’ అని అడిగి పంపేస్తారు. ఇంకొకరిని పది ప్రశ్నలు వేసి ‘మీరంతా ఇంతే’ అని పంపుతారు. ఆ ‘మీరంతా’ ఎవరో గదిలో అందరికీ తెలుసు.

ఈ కథ కాలేజీతో ఆగదు. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం ఒకటి సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. ఒక దళిత ఇంజినీరు రిజర్వేషన్‌లో ఐఐటీ సీటు తెచ్చుకున్న సంగతిని పై అధికారి తోటివాళ్లకు చెప్పాడన్నది అందులో ఆరోపణ. కంపెనీ, అధికారులు దాన్ని ఖండించారు. ఇద్దరు అధికారుల మీద కేసును ఆ విభాగమే 2023 ఏప్రిల్‌లో ఉపసంహరించుకుంది. కేసు మలుపులు ఎలా ఉన్నా ఆ ఫిర్యాదు చర్చకు తెచ్చిన ప్రశ్న మిగిలే ఉంది: కాలేజీలో అంటించిన ముద్ర సముద్రాలు దాటి వెంట వస్తుందా? 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లును వీటో చేశారు. అమెరికా వెళ్లే తెలుగు ఇంజినీర్లు ఎందరో మనకు తెలుసు. కాబట్టి ఇది దూరదేశపు వార్త కాదు, మన ల్యాబ్ గదికి కొనసాగింపే.

సార్లు చెప్పని చరిత్ర

క్లాసు, ఆబ్జెక్టు అనే ఆలోచనలు పుట్టింది నార్వేలో. 1960లలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ కలిసి సిములా అనే భాషను రూపొందించారు. ఇన్‌హెరిటెన్స్‌కు మూలమైన సబ్‌క్లాసు ఆలోచన కూడా 1967 నాటి సిములాలోనే ఉంది. 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వాళ్లిద్దరికీ వచ్చింది.

పాఠ్యపుస్తకం ఇంతవరకు చెప్పినా, తర్వాత సంగతి చెప్పదు. అదే నైగార్డ్ 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. ఫ్యాక్టరీలోకి వస్తున్న కంప్యూటర్ల గురించి కార్మికులే చదివి, అర్థం చేసుకుని, యాజమాన్యంతో మాట్లాడగలగాలన్నది ఆ పని ఉద్దేశం. అంటే ఈ చదువును పుట్టించినవాళ్లలో ఒకరు దాన్ని మేధావుల గుత్త సొత్తు అనుకోలేదు. చేతులతో పనిచేసేవాళ్లకు ఇది అర్థమవుతుందని నమ్మాడు. ‘ఇది మీవల్ల కాదు’ అనే సార్లకు ఈ చరిత్రే జవాబు.

వారసత్వం

ఇన్‌హెరిటెన్స్ పాఠం వచ్చినప్పుడు మన పిల్లలు తమలో తాము నవ్వుకుంటారు. తల్లి క్లాసులో ఉన్నవన్నీ పిల్ల క్లాసుకు మళ్లీ రాయకుండానే వచ్చేస్తాయి. ‘మాకు తెలియని పాఠమా అన్నా ఇది?’ అంటాడొకడు. పొలం, ఇంగ్లీషు, పరిచయాలు, ధైర్యం కొందరికి రాయకుండానే వస్తాయి. అవమానం కొందరికి రాయకుండానే వస్తుంది.

అయితే ఈ పోలికను అక్కడితో వదిలేయకూడదని మేం అనుకుంటాం. జావాలో తల్లి క్లాసు నుంచి వచ్చిన పద్ధతిని పిల్ల క్లాసు తిరగరాసుకోవచ్చు. దాన్నే ఓవర్‌రైడ్ అంటారు. తిరగరాయకూడదని ఎవరైనా ముందే ‘ఫైనల్’ అని రాసిపెడితే తప్ప. కులంలో ఆ ‘ఫైనల్’ మాట రాసింది మనుషులే. మనుషులు రాసిందాన్ని మనుషులు కొట్టేయగలరు. రిజర్వేషన్ అలా తిరగరాసిన ఒక వాక్యం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకొకటి. మిగిలిన వాక్యాలు ఇంకా రాయాల్సి ఉంది.

బకాయిల కింద నలిగే చదువు

2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఒక దళిత విద్యార్థికి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు తిరిగి ఇప్పించింది. అతను సీటు కోల్పోయింది 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక. దినకూలీ కుటుంబం అంత దూరం వెళ్లి గెలిచింది. వెళ్లలేని కుటుంబాల సంగతి?

తెలంగాణలో రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య తగాదా అది. దెబ్బ తగిలేది మాత్రం పిల్లలకు. ‘ప్రభుత్వం ఇవ్వలేదు, నువ్వు కట్టు’ అంటూ హాల్ టికెట్ ఆపుతారు. యూజీసీ 2018లోనే వద్దన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. ఒక పేపర్ బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ పరీక్షకే రానివ్వవు. అసలే ప్రైవేటు ఐటీ ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. టీసీఎస్ లాంటి సంస్థే 2025లో పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించిన కాలం ఇది. తలుపు సన్నబడేకొద్దీ ముందు బయట మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఏఐ వచ్చేసింది, ఇక జావా ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. ఏఐ రాసిన కోడ్ తప్పో ఒప్పో చెప్పగలిగేవాడికే ఉద్యోగం. అది చెప్పాలంటే పునాది రావాలి. పునాది లేనివాడికి ఏఐ ఇంకో సీనియర్ రికార్డు మాత్రమే. దించుకోవచ్చు, నేర్చుకోలేం.

ఏం అడుగుదాం?

విద్యార్థి సంఘాలు సీట్ల దగ్గర, స్కాలర్‌షిప్పుల దగ్గర గట్టిగా నిలబడ్డాయి. ఇప్పుడు ల్యాబ్ గదిలోకి కూడా రావాలి. మా ఆదివారాల అనుభవంతో కొన్ని డిమాండ్లు ముందుపెడుతున్నాం.

ల్యాబులో ఒక విద్యార్థికి ఒక కంప్యూటర్ ఉండాలి. కాలేజీ అయ్యాక రాత్రి తొమ్మిది వరకు ల్యాబులు తెరిచి ఉంచాలి. లైబ్రరీ పుస్తకం ఇచ్చినట్టే సెమిస్టర్‌కు ల్యాప్‌టాప్ అరువు ఇవ్వాలి. దీనికి డబ్బు లేదనడానికి వీల్లేదు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నవి ఇలాంటి వాటికే. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్‌నెట్‌తో కంప్యూటర్ గది ఉండాలి. మొదటి ఏడాదికి ముందే తెలుగులో వివరించే బ్రిడ్జి కోర్సు పెట్టాలి. వైవాలో అందరికీ ఒకే ప్రశ్నల చీటీలు ఉండాలి, అడిగిన ప్రశ్నలు నమోదు కావాలి. బకాయి పేరుతో హాల్ టికెట్ ఆపితే యాజమాన్యం మీద చర్య ఉండాలి. ర్యాంకు, కేటగిరీ జాబితాలు నోటీసు బోర్డుల మీద అంటించడం ఆపాలి.

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు వారానికి రెండు గంటలు, పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇస్తే ఒక హాస్టల్ గది మారిపోతుంది. కానీ మన రెండు గంటలు ప్రభుత్వ బాధ్యతకు బదులు కాదు.

ఆ అమ్మాయి పోయిన ఆదివారం తన మొదటి ప్రోగ్రాము తనే రన్ చేసింది. స్కాలర్‌షిప్ ఫారం పేరుతోనే క్లాసు రాసుకుంది. మూడు సార్లు ఎర్రటి తప్పులొచ్చాయి. నాలుగోసారి తెర మీద ఆమె పేరు వచ్చింది. రికార్డులో దించిన ఇరవై ప్రోగ్రాములకూ సంతకాలున్నాయి. దీనికి ఎవరి సంతకమూ లేదు. ఇది మాత్రం తనదే.