సులువైన పేపరు

పగలు కన్సల్టింగు ఉద్యోగం, వారానికి రెండు సాయంత్రాలు ఇక్కడి ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ పిల్లలకి ప్రోగ్రామింగు పాఠం. క్లాసులో సగం మంది మనవాళ్ళే. మొన్నటి మిడ్‌టర్మ్‌లో అందరికీ నాలుగు మార్కులు రావాలని పసిపిల్లల ప్రశ్న ఒకటి ఇచ్చాను. సున్నా నుంచి మొదలై పదికి లోపు ఆగే లూపు పది సార్లు తిరుగుతుందని క్లాసులో చెప్పిందే. పరీక్షలో సున్నా తీసి మూడు పెట్టాను. జవాబు ఏడు. సగానికి పైగా "పది" అని రాశారు.

తోటి మాస్టార్లకి చెబితే పాత పాటే పాడారు. బద్ధకం, ఫోన్లు, చాట్‌జీపీటీ. "ఇంతకన్నా సులువుగా ఎలా ఇస్తామండీ?" నేనూ తల ఊపాను. మర్నాడు గుంటూరు వైపు కుర్రాడొకడు వచ్చి, "సార్, ఈ మోడల్ మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు. కోపం నషాళానికంటింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఎంసెట్ కోచింగులో మా లెక్కల మాస్టారితో నేనన్న మాట అదే! బిట్లు మింగి ర్యాంకు తెచ్చుకున్నవాణ్ణి నేనూను.

ఇది మన బట్టీ జబ్బేననుకుంటే పొరపాటు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పిన మెయిట్లండ్ జోన్స్, ఆ సబ్జెక్టుకి పాఠ్యపుస్తకం రాసిన పెద్దమనిషి. పేపరు తేలిక చేసినా పిల్లలు ప్రశ్నని సరిగ్గా చదవడం లేదని ఆయన బాధ. 2022లో 350 మందిలో 82 మంది ఆయన మీద అర్జీ పెట్టారు. ఆయన్ని తీసెయ్యమని అందులో అడగలేదు. యూనివర్సిటీయే ఆ పని చేసింది. అప్పటికి ఆయనకి 84 ఏళ్ళు.

పేపరు సులువు చేస్తే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: చదవకుండా రాయొచ్చని. చాలా యూనివర్సిటీల్లో ఎమ్మెస్ చేతికి రావాలంటే జీపీఏ 3.0 ఉండాలి. వాడి ఫీజు వెనక వాళ్ళ నాన్న పొలం తాకట్టులో ఉంటుంది. అది తలుచుకుని చెయ్యి దానంతటదే మార్కులేస్తుంది. నేనూ వేశాను. కానీ రేపు ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు ఆ సున్నాని మూడు చేసి అడుగుతాడు. అక్కడ జాలి ఉండదు. పొలం మాత్రం తాకట్టులోనే ఉంటుంది. మనం వేసిన మార్కులు దయ కాదు. అప్పు తీర్చాల్సిన రోజుని వెనక్కి నెట్టడం, అంతే.

అందుకని మాస్టార్లారా, విసుక్కోవడం మానేద్దాం. సులువు చెయ్యడం కూడా మానేద్దాం. వారం వారం చిన్న పరీక్ష పెట్టి, మార్కులు లెక్కలో వెయ్యకుండా, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్ళ నోటితోనే చెప్పిద్దాం. ఓడిపోవడానికి క్లాసుకన్నా చవకైన చోటు లేదు.

ఆ కుర్రాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి లూపు చేత్తో తిప్పమన్నాను. మూడు, నాలుగు, ఐదు... తొమ్మిది దగ్గర ఆగాడు. వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "అదేంటి సార్, ఏడేనా!" అన్నాడు. మార్కులు మాత్రం కలపలేదు.