ఆటోస్టార్టర్ చెప్పే సాక్ష్యం

ఉమ్మడి రాష్ట్ర పాలకులకు కరెంటు అంటే గంటల లెక్క. సాగుకు ఏడు గంటలు ఇస్తున్నామన్నారు. 2009 ఎన్నికల్లో తొమ్మిది గంటలు ఇస్తామన్నారు. ఆ గంటలు ఏ వేళప్పుడు వచ్చాయి, ఎన్ని ముక్కలుగా వచ్చాయి, ఎంత వోల్టేజీతో వచ్చాయి? మేం అడిగింది ఈ మూడు ముచ్చట్లే. జవాబు రాలేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ నీళ్లు మడిలోకి పారుతాయి. తెలంగాణ మెట్టకు బోరే కాలువ. కరెంటు ఆగితే ఆ కాలువ ఎండినట్టే. అర్ధరాత్రి కరెంటు కోసం పొలానికి పోయిన రైతులు పాము కాటుకు, స్టార్టర్ షాకుకు బలయ్యారు. లో వోల్టేజీకి మోటర్లు కాలాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులే చందాలేసుకొని ట్రాక్టరు మీద రిపేరుకు తీసుకుపోయారు. పాలకులకది ఏడు గంటల సరఫరా. రైతుకది రాత్రంతా కాపలా.

ఛార్జీలు పెంచొద్దని అడిగితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తూటాలు పేల్చారు. 2004లో ఉచితం చేశాక సరిగ్గా ఇవ్వమంటే ‘ఊరికే ఇస్తున్నాం కదా’ అన్నారు. ఊరికే ఇస్తే ఎట్లిచ్చినా చెల్లుతుందా? రైతు బిచ్చగాడా?

రైతు దరఖాస్తు రాయలేదు. ఆటోస్టార్టర్ బిగించుకున్నాడు. మీ వేళను మేం నమ్మం అని చెప్పే సాక్ష్యం ఆ డబ్బా. కరెంటు రాగానే ఊరి మోటర్లన్నీ ఒక్కసారే తిరిగేవి. ఆ లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. తప్పు రైతుదేనన్నారు. వేళాపాళా లేకుండా ఇచ్చి నమ్మకం చంపిందెవరు?

2014 జూన్ 2న మన రాష్ట్రం వచ్చింది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అది పోరాట ఫలం, కాదనం. అయినా ఆటోస్టార్టర్లు తీసేయండని మన సర్కారే రైతులను బతిమాలాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి మోసపోయినవాడు ఒక్క ప్రకటనతో నమ్ముతాడా?

విద్యుత్ సంస్థల్లోని మన ఇంజనీర్లకు, ఉద్యోగులకు ఒక మాట. 2011 సకల జనుల సమ్మెలో ఉద్యోగులు, రైతుబిడ్డలు ఒకే రోడ్డు మీద కూర్చున్నారు. ఆ చనువుతోనే అడుగుతున్నాం. కరెంటు ఆపే ముందు ఊరికి చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎన్ని గంటల్లో మారుస్తారో సబ్‌స్టేషన్ గోడ మీద రాయండి. రాసిన మాట నిలబెట్టుకోండి. రైతు ఫోన్ చేస్తే ఎత్తండి.

స్వరాష్ట్రంలో కరెంటు బాగుందో లేదో సెక్రటేరియట్ చెబితే మేం ఒప్పుకోం. ఆటోస్టార్టర్ తనంతట తాను విప్పి పక్కన పెట్టిన రైతు చెప్పాలి. అప్పటిదాకా అడుగుతూనే ఉంటాం.