దొంగదెబ్బ – స్పర్శమంత్రం

వేసవికి వేంపల్లె వచ్చిన మా మనుమలు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పాచికల ఆటలో తగవు పడ్డారు. చాటుగా సమీపించి, తాకి హాని చేసే మంత్రం ప్రయోగించినవానికి దొంగదెబ్బ ఫలం కూడా దక్కునా? 2000లో వచ్చిన మూడవ కూర్పు సంప్రదాయం దక్కునంటుంది. 2014 నాటి అయిదవ కూర్పు కాదంటుంది. దానికి చురుకైన ఆయుధమో, దూరం నుండి వేసే ఆయుధమో ఉండితీరాలి. "వట్టి చేయి ఆయుధమెట్లవుతుంది తాతా?" అన్నాడు చిన్నవాడు.

నా తీర్పు పాత కూర్పు వైపే. సౌప్తికపర్వంలో అశ్వత్థామ చేత శివుడిచ్చిన ఖడ్గముంది. అయినా నిదురలో ఉన్న ధృష్టద్యుమ్నునిపై బడి, ఆయుధంతో చంపుమని అతడు వేడినా వినక, కాళ్లతో మర్దించి చంపాడు. భస్మాసురుని హస్తానికైతే కత్తితో పనేలేదు. దేహమే ఆయుధమైన చోట వేరొక ఆయుధం ఏదని అడగడం న్యాయం కాదు.

మరి అది మితిమీరిన బలం కాదా? కాదు. తాకవలెనంటే దగ్గరకు పోవలె. పాచిక వికటించిందా, దాగినవాడు శత్రువు చేతికందే దూరంలో ఒంటరిగా నిలబడతాడు. ఆ మూల్యం చాలు. ఇంత సాహసానికి ఫలం లేదనడం బాలురకు పిరికితనం నేర్పడమే. విజ్ఞులు యోచింతురు గాక.